సెకనుకు ఎన్ని? పెయింట్‌బాల్ గన్నుల గురించి ఇద్దరు కలెక్టర్లకు బహిరంగ లేఖ

జగిత్యాల జిల్లా కలెక్టర్ గారికి, రాజన్న సిరిసిల్ల జిల్లా కలెక్టర్ గారికి,

మామిడికాయ కోతలు అయిపోయిన వారానికి జగిత్యాల దగ్గరి ఒక తోట యజమాని నాకు ఫోన్ చేశాడు. కాపు దిగిపోయాక తోట ఊరికే ఉంటోంది, పిల్లలేమో సెలవులకు హైదరాబాద్ పోయి వేలకు వేలు పెట్టి పెయింట్‌బాల్ ఆడి వస్తున్నారు, అదేదో మన చెట్ల నీడనే పెడితే పోలా అని ఆయన ఆలోచన. ఆలోచన మంచిదే. వెళ్లాను. మంచం మీద అట్టపెట్టె తెరిచి పెట్టాడు. పన్నెండు గన్నులు. పది మామూలువి, చెయ్యి ఎంత ఆడిస్తే అంతే కొట్టేవి. మిగిలిన రెండు ఎలక్ట్రానిక్. ఆ రెండింటినీ వేరే తువ్వాలలో చుట్టి పెట్టుకున్నాడు.

"అన్నా, గివి సెకనుకు ఇరవై కొడ్తయట" అన్నాడు, పూటకు పది లీటర్లిచ్చే బర్రె సంగతి చెప్పినట్టు.

"ఇరవై ఎందుకే?" అన్నాను.

ఆయన దగ్గర జవాబు లేదు. ఆయనను తప్పుపట్టడం లేదు. అమ్మినవాడు అదే గొప్పని చెప్పి అమ్మాడు. ఆయన మీ కార్యాలయానికి అనుమతి కోసం రావచ్చు. ఆయన కాకపోతే మిడ్ మానేరు నీళ్లు చూపించి రిసార్టు కట్టాలనుకునే ఇంకొకరు వస్తారు. ఆ కాగితాల్లో అగ్గిమాపక శాఖ సంతకం ఉంటుంది, పార్కింగ్ ఉంటుంది, మరుగుదొడ్లు ఉంటాయి. గన్ను సెకనుకు ఎన్ని బంతులు కొట్టవచ్చో ఆ ఒక్క అంకె కూడా ఉండాలని అడగడానికే ఈ ఉత్తరం.

నేనెవరో చెప్పాలి గదా. పుట్టింది సిరిసిల్ల బీవై నగర్‌లో. నాన్న సాంచెల మీద, అంటే మరమగ్గాల మీద, పనిచేశాడు. నేను సాంచెలు బాగుచేసే జాబర్‌గా మొదలుపెట్టి, కోరుట్ల పిల్లను చేసుకుని, కోరుట్ల వాళ్లందరి తొవ్వనే పట్టి దుబాయి పోయాను. ఏసీలు బాగుచేసే పని అని తీసుకుపోయారు. ఆరు నెలలకు ఒక పెయింట్‌బాల్ పార్కులో తేలాను. ఆరేండ్లు అక్కడ గన్నులు విప్పి, కడిగి, రబ్బరు రింగులు మార్చి, నూనె పెట్టి బిగించాను. అక్కడ వాటిని గన్ను అననివ్వరు, మార్కర్ అనాలి. పేరు మారిస్తే దెబ్బ తగ్గదు గానీ, ఆ పేరుకో కథ ఉంది, తర్వాత చెప్తాను.

ఆట తెలియనివాళ్ల కోసం నాలుగు మాటలు. సీసంగోలీకి పెద్దన్నలాంటి బంతి, 0.68 అంగుళాల వ్యాసం, మూడు గ్రాముల బరువు. పైన జిలాటిన్ పొర, మందుగోలీ గొట్టానికి ఉంటుందే, అలాంటిది. లోపల నీళ్లతో కడిగితే పోయే రంగు. అదిమిపెట్టిన గాలి దాన్ని గొట్టంలోంచి తోస్తుంది. తగిలి పగిలితే ఆటలోంచి ఔట్. చెయ్యి పైకెత్తి బయటికి నడవాలి. ఇంతే ఆట.

దీనికి ప్రపంచమంతా మొదట పెట్టుకున్న హద్దు వేగం మీద. బంతి గొట్టం దాటేటప్పుడు సెకనుకు 300 అడుగులు మించకూడదు. మామూలు జనం ఆడే మైదానాల్లో 280కో, ఇంకా కిందికో దించుతారు. 280 అంటే గంటకు 300 కిలోమీటర్ల పైమాటే. గేటు దగ్గర క్రోనోగ్రాఫ్ అనే చిన్న యంత్రం పెట్టి ప్రతి గన్నునూ కొలుస్తారు. మీ దగ్గరికి వచ్చే దరఖాస్తుదారు ఆ యంత్రాన్ని చూపించి, అంతా నిబంధనల ప్రకారమే సార్ అంటాడు. అక్కడే అడగాల్సిన రెండో ప్రశ్న ఒకటుంది.

అది నాకు పుస్తకంలో తెలిసింది కాదు. ఒక శుక్రవారం సాయంత్రం, పార్కు నిండా జనం. ఒక జట్టులో మనిషి తక్కువైతే మా మెట్‌పల్లి పిల్లగాణ్ని దించారు. నా రూంలోనే ఉండేవాడు, మైదానంలో రెఫరీ. అవతలి జట్టులో ఒకాయన సొంత ఎలక్ట్రానిక్ గన్ను తెచ్చుకున్నాడు. గేటు దగ్గర దాని వేగం కొలిచింది నేనే. 280 లోపే వచ్చింది. పచ్చ చీటీ అంటించి లోపలికి పంపాను. పది నిమిషాలకు మావాడు డ్రమ్ము వెనకనుంచి లేచాడు. మొదటి బంతి మెడకు తగిలింది. చెయ్యి ఎత్తాడు, నొప్పికి అటు తిరిగాడు. నేను వల ఇవతల నిలబడి చూస్తున్నాను. బరబరమని ఒక్కటే మోత, గుడ్డ చింపినట్టు.

రాత్రి రూంలో చొక్కా విప్పించి లెక్కపెట్టాను. మెడ మీద మూడు, చెవి వెనక ఒకటి, భుజం మీద నాలుగు. తిరిగాడు గనక వీపు మీద ఆరు. మొత్తం పద్నాలుగు. ఒక్కోటి రూపాయి బిళ్లంత, నడుమ తెల్లగా, చుట్టూ నేరేడుపండు రంగు. చెవి వెనకది పక్కకు రెండంగుళాలు జరిగి, మాస్కు పట్టీ కాస్త వదులై ఉంటే ఏమయ్యేదో నేను ఆలోచించదలచుకోలేదు.

కొట్టినాయన చెడ్డవాడు కాదు. ఆట ఆపి పరుగెత్తుకొచ్చాడు, జ్యూస్ కొనిచ్చాడు, చేతులు పట్టుకున్నాడు. "నువ్వు చెయ్యి ఎత్తింది చూడగానే వేలు తీశాను" అని పదిసార్లు చెప్పాడు. అది నిజం. నేను చూశాను. ఆయన వేలు తీశాడు, గన్ను కూడా నిబంధనలోనే ఉంది, అయినా పద్నాలుగు తగిలాయి.

కలెక్టర్ గారూ, ఈ లెక్క మీరే వేసి చూడండి. ఇద్దరి మధ్య ఇరవై మీటర్ల దూరం అనుకుందాం. బంతి గొట్టం దాటాక గాలి దాన్ని ఆపుతూ ఉంటుంది గనక, ఇరవై మీటర్లు పోవడానికి దగ్గర దగ్గర 0.3 సెకను పడుతుంది. సెకనుకు ఇరవై కొట్టే గన్నయితే, మొదటి బంతి మనిషిని తాకే వేళకు ఇంకో ఐదారు బంతులు దారిలో ఉంటాయి. వాటిని వెనక్కి పిలిచే దేవుడు లేడు. ఆ తర్వాత దెబ్బ తగిలినవాడికి తెలియాలి, చెయ్యి లేవాలి, అవతలివాడు చూడాలి, వాడి వేలు ఆగాలి. మనుషులన్నాక దీనికి అర సెకనన్నా పడుతుంది. అంటే ఇంకో పది. మా మెట్‌పల్లి పిల్లగాడి ఒంటి మీది పద్నాలుగుకు లెక్క కుదిరింది, చూశారా. అదే గన్ను సెకనుకు ఐదే కొడితే దారిలో ఉండేది ఒకటో, మహా అయితే రెండో. చెయ్యి లేచేలోపు మరో రెండు మూడు. నొప్పి ఉంటుంది, అది ఆటలో భాగమే. ఎవడూ రాత్రి కూర్చుని వీపు లెక్కపెట్టడు.

వేగానికి పెట్టిన హద్దు ఒక్క బంతి ఎంత గట్టిగా తగలాలో చెప్తుంది. ఓడిపోయానని చెప్పుకునే సందు మనిషికి ఇచ్చేది సెకనుకు ఎన్ని అన్న హద్దే.

మా సిరిసిల్లవాళ్లకు దీన్ని అర్థం చేయించడం తేలిక. మామూలు సాంచె నిమిషానికి నూటఇరవై, నూటముప్పై పిక్కులు, అంటే అడ్డపోగులు, వేస్తుంది. సెకనుకు రెండు. నాడె ఇటు ఒకసారి, అటు ఒకసారి. నాన్న ఇంట్లో అన్నం తింటూ గోడ అవతలి సాంచె చప్పుడు విని "మోటారు పుల్లీ మార్చిండ్రు, జోరు పెంచిండ్రు" అనేవాడు. వెళ్లి చూస్తే అంతే ఉండేది. గుడ్డ ఎంత నేస్తే కూలి అంత. ఆసామికీ తొందరే, పనివాడికీ తొందరే. జోరు పెంచితే పోగులు తెగుతాయి, కండె చివర ఎగురుతుంది, ఒక్కోసారి నాడె పెట్టెలో ఆగక బయటికి దూకుతుంది. నాడెకు రెండు కొసల్లోనూ ఇనుప ములుకు. పక్క సాంచె మీద ఉన్నవాడి మొహం సరిగ్గా ఆ ఎత్తులోనే ఉంటుంది. నాడె దూకకుండా అడ్డంగా కడ్డీ పెట్టుకోవాలని సాంచెలు కనిపెట్టిన దేశాల్లో ఎప్పుడో తెలుసుకున్నారు. మా వాడలో ఆ కడ్డీలను కండెలు మార్చడానికి అడ్డమని విప్పి మూలన పెట్టేవాళ్లు. విప్పినవాళ్లలో నేనూ ఉన్నాను. జాబర్‌ను గదా.

అందుకే ఎలక్ట్రానిక్ గన్ను మోత మొదటిసారి విన్నప్పుడు నేను చేసిన పని లెక్కపెట్టబోవడం. సెకనుకు రెండు సాంచె. ఐదైతే కొత్త రేపియర్ మగ్గం, అదీ చెవికి అందుతుంది. పది దాకా టకటకలు విడివిడిగా వినిపిస్తాయి, వేళ్ల మీద కాకపోయినా తలలో లెక్క దొరుకుతుంది. ఇరవైకి పోయేసరికి చప్పుళ్లు ఒకదానిలో ఒకటి కలిసి తేనెటీగల రొద అవుతుంది. ఆ మోత వింటే నాన్న మెతుకు నోట్లో పెట్టుకునేవాడు కాదు.

ఇప్పుడు గన్ను లోపలికి రండి, అసలు మతలబు అక్కడుంది. పాత గన్నులో ట్రిగ్గర్ ఇనుప కొక్కేన్ని లాగుతుంది, కొక్కెం బరువును వదులుతుంది, బంతి పోతుంది. మళ్లీ లాగాలి. ఎలక్ట్రానిక్ గన్నులో ట్రిగ్గర్ నిజంగా దేన్నీ లాగదు. ఒక చిన్న స్విచ్చును తాకుతుంది, అంతే. పిడి లోపలున్న బోర్డు ఆ తాకిడి చూసి, సోలెనాయిడ్ వాల్వును కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుస్తుంది. బంతి గూట్లోకి దిగిందా లేదా చూడటానికి పరారుణ కాంతి సెన్సరు ఉంటుంది, మేం దాన్ని కన్ను అంటాం. పైన హాపర్‌లో మోటారు తిరుగుతూ బంతులను కిందికి నెడుతుంది. వాటంతట అవి జారిపడే పాత హాపర్ అయితే సెకనుకు ఏడెనిమిది దాటి అందించలేదు. అదీ ఒక రకం హద్దే, ఎవరూ పెట్టకుండా వచ్చింది. మోటారు హాపర్ వచ్చాక అది పోయింది.

అమ్మేవాడు "ఇది సెమీ సార్, ఒక్కసారి నొక్కితే ఒక్కటే" అంటాడు. నమ్మకండి. స్విచ్చు తాకినప్పుడు లోహపు రేకు ఒకటికి రెండుసార్లు వణుకుతుంది. ఆ వణుకును పట్టించుకోవద్దని బోర్డుకు చెప్పే సెట్టింగు ఒకటుంది, దాని పేరు డీబౌన్స్. దాన్ని బాగా తగ్గించి పెట్టారనుకోండి, ఒక్క నొక్కుకు గన్ను రెండు మూడు లెక్క వేసుకుంటుంది. కాగితం మీద అది సెమీనే. ఇది చాలదన్నట్టు ర్యాంపింగ్ అని ఇంకోటి. మొదటి మూడు నాలుగు సార్లు నువ్వు జోరుగా నొక్కితే చాలు, అక్కడినుంచి గన్ను నీ చేతిలోంచి పని అందుకుని తన జోరు మీద తాను కొట్టుకుంటూ పోతుంది. నీ వేలు ఊరికే ఆడుతూ ఉంటే సరి. తోలేవాడు నిద్రపోయినా ఇంటికి చేరే ఎడ్లబండి మంచిదే గానీ, ఇది ఆ రకం బండి కాదు.

మరి కళ్లెం లేదా అంటే ఉంది. అదే బోర్డులో సెకనుకు ఇన్నే అని గరిష్ఠ హద్దు పెట్టే సెట్టింగు ఉంటుంది. పిడి మీది రెండు మరలు విప్పి, రబ్బరు పట్టు పక్కకు తీస్తే లోపల చిన్న బొత్తాం. దాన్ని అదిమి పట్టుకుని గన్ను ఆన్ చేస్తే లైటు రంగులు మారుస్తుంది. ఒక్కో రంగుకు ఒక్కో సెట్టింగు. హద్దు రంగు వచ్చినప్పుడు ఆగి, ట్రిగ్గర్‌ను ఎన్నిసార్లు నొక్కితే అంత అంకె. ఒక్కో కంపెనీది ఒక్కో తీరు, కానీ పని మాత్రం రెండు నిమిషాలదే. మామిడితోటలో ఆ మంచం మీదే కూర్చుని రెండు గన్నులకూ పెట్టాను. ఇరవై ఉన్నది ఎనిమిదికి దించాను. యజమాని మొహం పడిపోయింది. "పైసలు పెట్టి కొన్నది దేనికే మరి?" అన్నాడు.

ఆయన బాధలో ఒక వ్యాపార రహస్యం ఉంది. ఈ ఆటలో లాభం టికెట్టు మీద కాదు, బంతుల మీద. పెట్టెకు 2000 బంతులు. టికెట్టుతో పాటు కొన్ని ఇచ్చి, అయిపోయాక మళ్లీ కొనిపించడమే బేరం. హాపర్‌లో రెండు వందలు పడతాయి. సెకనుకు ఇరవై కొట్టే గన్ను పది సెకన్లలో దాన్ని ఖాళీ చేస్తుంది. అంటే గన్ను ఎంత జోరుగా కొడితే గల్లా అంత నిండుతుంది. పుల్లీ మార్చిన ఆసామి కథే మళ్లీ. హద్దును యజమాని మంచితనానికి వదిలేయవద్దని నేను అనడం ఇందుకే. మంచివాళ్లే, కానీ గల్లా వాళ్లది.

బయటి ప్రపంచం ఈ తంటా ఎప్పుడో పడింది. ఎలక్ట్రానిక్ గన్నులు 1990ల రెండో సగంలో వచ్చాయి. కొన్నేళ్లకే పోటీల్లో గన్నుల జోరు మనిషి వేలిని దాటిపోయింది. అమెరికా పెద్ద పోటీలవాళ్లు మొదట సెకనుకు 15 అని గీత గీశారు. అది ఎక్కువైందని 13.3కు, తర్వాత 12.5కు, చివరికి పది చిల్లరకు దించుకుంటూ వచ్చారు. దయ కన్నా బంతుల ఖర్చే ఎక్కువ పనిచేసిందని నా అనుమానం. ఏదైతేనేం, ఒళ్లంతా తొడుగులు వేసుకుని, డబ్బు తీసుకుని ఆడే ఆటగాళ్లకే పది చాలన్నారు. మన మామిడితోటకు ఇరవై కావాలట! జర్మనీ ఇంకో దారి పట్టింది. అక్కడ బంతి శక్తి 7.5 జౌళ్లు దాటకూడదు, వాటంతట అవి కొట్టుకుపోయే గన్నులు కుదరవు. మన దగ్గర వాడే మూడు గ్రాముల బంతి 280 అడుగుల వేగంలో దాదాపు 11 జౌళ్లు మోస్తుంది.

పేరు కథ చెప్తానన్నాను గదా. ఈ గన్ను పుట్టింది ఆటకు కాదు. అమెరికాలో నెల్సన్ అనే రంగుల కంపెనీ, అడవిలో కొట్టాల్సిన చెట్లకు, మందలో వేరుచేయాల్సిన పశువులకు దూరంనుంచే రంగు గుర్తు పెట్టడానికి 1970ల్లో దీన్ని తెచ్చింది. గుర్తు పెట్టేది గనక మార్కర్. మా కోరుట్ల పశువైద్య కళాశాల పిల్లలకు ఈ ముచ్చట చెప్తే ఆవులకు కావాలన్నారు, నవ్వుకున్నాం. ఆ పిస్టల్‌తో 1981 జూన్ 27న న్యూహాంప్‌షైర్‌లోని హెన్నికర్ అడవిలో పన్నెండు మంది మొదటి ఆట ఆడారు. ఒక్కోసారి ఒక్కటే పోయేది. తర్వాతి బంతి గూట్లో పడాలంటే పిస్టల్‌ను పక్కకు వంచి దొర్లించుకోవాలి. ఆ రోజు గెలిచినాయన రిచీ వైట్, అడవి పని తెలిసిన మనిషి. ఆటంతా ఆయన ఒక్క బంతీ కొట్టలేదు. నక్కి, పాకి, జెండాలన్నీ తెచ్చేసుకున్నాడు.

మన ఎండల సంగతి కూడా చెప్పకపోతే ఉత్తరం సగమే అవుతుంది. చౌకగా పెట్టేవాళ్లు అదిమిన గాలికి బదులు కార్బన్ డయాక్సైడ్ సిలిండర్లు వాడతారు. ఆ వాయువు 31 డిగ్రీలు దాటితే సిలిండర్లో ద్రవంగా నిలవదు, పీడనం సర్రున పెరుగుతుంది. మన దగ్గర మే నెలలో 45 చూస్తాం. పొద్దున ఏడింటికి నీడలో 280 కొలిచిన గన్ను మధ్యాహ్నం రెండింటికి అదే 280 కొడుతుందని పూచీ లేదు. బంతులూ అంతే. ఎండకు జిలాటిన్ మెత్తబడి గొట్టంలోనే పగులుతుంది, లేదా తగిలినా పగలక తప్పెటలా మోది కింద పడుతుంది. పగలకపోతే ఔట్ కాదు గనక అవతలివాడు ఇంకా కొడతాడు. జోరు హద్దు లేని చోట ఈ "ఇంకా" ఎంతో మీకు తెలిసిందే. మాస్కు లోపల చెమట పట్టి అద్దం మసకబారుతుంది. ఆ ఒక్క క్షణం తుడుచుకుందామని పిల్లలు మాస్కు ఎత్తుతారు. ఈ ఆటలో కళ్లు పోయిన కథల్లో ఎక్కువ భాగం మాస్కు మొహం మీద లేని క్షణానివే.

కళ్ల మాట వచ్చింది గనక, 2025 దీపావళి గుర్తు చేసుకోండి. మధ్యప్రదేశ్‌లో ప్లాస్టిక్ గొట్టంతో చేసిన కార్బైడ్ గన్నులు సంతలో బొమ్మల్లా అమ్మారు. వందమందికి పైగా కళ్లు దెబ్బతీసుకుని ఆసుపత్రులకు చేరారు, ఎక్కువమంది పిల్లలే. మన జగిత్యాల తోటల్లో ఆ గొట్టం కొత్తది కాదు, కోతులను బెదరగొట్టడానికి వాడుతూనే ఉన్నారు. మామిడిపండ్లకు వేయొద్దని అధికారులు మొత్తుకునే కార్బైడే అది. పెయింట్‌బాల్ గన్ను, ఆ గొట్టం ఒకటి కావు, ఒకదాని పాపం ఇంకోదానికి అంటగట్టను. ఆట వస్తువు అని పేరు పెట్టుకుని వచ్చినదాన్ని ఎవరూ విప్పి చూడరు, అంతవరకే నా పోలిక. అన్నట్టు, మామిడితోట కాపలాదారు కూడా అడిగాడు, ఎలక్ట్రానిక్‌ది ఒకటి కోతులకు ఉంచితే బాగుండు గదా అని. కోతులకు రెఫరీ ఉండడు నాయనా అన్నాను.

నిషేధించమని నేను అడగడం లేదు. ఆరేండ్లు నాకు అన్నం పెట్టిన ఆట అది. ఫోన్లలో తలలు దూర్చుకునే పిల్లలు చెట్టు చాటున పాకుతుంటే చూడటం నాకిష్టం. కోరుట్లలో, సిరిసిల్లలో అది రావాలనే అంటాను. అనుమతి కాగితంలో ఈ మాటలు చేర్చమని మాత్రం అడుగుతున్నాను: అద్దెకిచ్చే గన్నులు ఒక నొక్కుకు ఒకటే కొట్టాలి, ర్యాంపింగ్, ఆటోమేటిక్ సెట్టింగులు ఉండరాదు. ఎలక్ట్రానిక్ గన్ను ఏదైనా, అద్దెదైనా సొంతదైనా, సెకనుకు ఎనిమిది దాటరాదు. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలకు ఎలక్ట్రానిక్ వద్దే వద్దు, వాళ్లకు సగం బరువు కూడా లేని 0.50 అంగుళాల చిన్న బంతుల గన్నులు దొరుకుతాయి. సెట్టింగు పెట్టాక పిడి మరల మీద సీలు వేయాలి, పెట్రోలు బంకుల్లో తూనికల శాఖవాళ్లు వేసినట్టు. మాస్కులు ఏఎస్‌టీఎం ఎఫ్1776 ప్రమాణానికి సరిపోయేవే ఉండాలి, గీతలు పడ్డ అద్దం పారేయాలి. పదా ఎనిమిదా అని మీ ఇంజినీర్లు వాదిస్తే వాదించనివ్వండి. అసలు అంకె లేని కాగితం కన్నా ఏ అంకైనా మేలే.

సిలిండర్లకు నాగపూర్‌లో పెసో అనే పేలుడు పదార్థాల భద్రతా సంస్థ ఉంది, దాని ముద్ర ఉంటుంది. మరి గన్ను సెకనుకు ఎన్ని కొడుతుందో ఎవరు కొలవాలి, ఎట్లా కొలవాలి అని మీ కింది అధికారులు అడుగుతారు. యంత్రం కొననక్కర్లేదు. గన్నులో బంతులు లేకుండా, కన్ను సెన్సరు ఆపేసి, ఖాళీగా ఒక ఐదు సెకన్లు కొట్టించండి. పక్కన ఫోన్లో చప్పుడు రికార్డు చేయండి. ఏ ఉచిత యాప్‌లో తెరిచినా ప్రతి దెబ్బా ఒక ముల్లులా నిలబడి కనిపిస్తుంది. లెక్కపెట్టి ఐదుతో భాగించండి. తహసీల్దారు కార్యాలయం అటెండరు కూడా చేయగలడు. ఒకటే జాగ్రత్త. కొట్టేవాడు యజమాని మనిషి కాకూడదు, వాడు మెల్లగా నొక్కుతాడు. మీ వాళ్లలో వేళ్లు చురుకైన కుర్రవాణ్ని రెండు వేళ్లతో ట్రిగ్గర్ వాయించమనండి, తబలా వాయించినట్టు. వణుకు దొంగతనం ఉందంటే అప్పుడే బయటపడుతుంది. నెలకోసారి, చెప్పాపెట్టకుండా, మధ్యాహ్నం ఎండలో పోవాలి. పొద్దున పూట అందరి గన్నులూ బుద్ధిమంతులే.

తోట యజమానితో ఆ రోజు పంచాయితీ ఎట్లా తెగిందో చెప్పలేదు. ఎనిమిదికి దించిన గన్ను ఆయన చేతికిచ్చి, ఇరవై మీటర్ల అవతల మామిడి మొద్దుకు నా పాత చొక్కా కట్టాను. "ఆ చొక్కాకు బంతి తగిలి రంగు కనబడంగనే ఆపు" అన్నాను. కొట్టాడు, కనబడగానే ఆపాడు. వెళ్లి చూస్తే చొక్కా మీద, చుట్టూ బెరడు మీద కలిపి ఆరు మచ్చలు. మళ్లీ ఇరవైకి పెంచి ఇచ్చాను. ఆ గుడ్డ చింపిన మోత. ఆయన వెంటనే ఆపాననే అనుకున్నాడు. ఇద్దరం నడిచిపోయి లెక్కపెట్టడం మొదలుపెట్టాం, పదమూడు దాకా వచ్చి రంగులు ఒకదాని మీద ఒకటి కలిసిపోయి లెక్క తప్పింది. ఆయన మొద్దుకు కట్టిన చొక్కా విప్పి మడత పెట్టి, మాట్లాడకుండా గన్ను నా చేతికిచ్చాడు. "దించు" అన్నాడు.

రెండూ ఇప్పుడు ఎనిమిది మీదే ఉన్నాయి. మరల మీద సీలు లేదు, నా మాట మీద ఉన్నాయి. అనుమతి దరఖాస్తు మీ టేబుల్ మీదికి వచ్చిన రోజు కబురు పెట్టండి, బస్సు ఛార్జీలు నేనే పెట్టుకుని వస్తాను. రెండు మిల్లీమీటర్ల అలెన్ కీ, ఆ చొక్కా నా దగ్గరే ఉన్నాయి.

ఇట్లు,
ఒకప్పటి సాంచెల జాబర్, ఒకప్పటి మార్కర్ మెకానిక్,
కోరుట్ల